బ్లెయిజ్ పాస్కల్ – అయిదు సూల బండ్లు

పాస్కల్ పేరు వినని విజ్ఞానశాస్త్ర విద్యార్థి మన కళాశాలలలో ఉండడు. ద్రవాల పీడనాన్ని గురించిన ఆయన నియమాన్ని ఉన్నత పాఠశాలలోనే వల్లె వేస్తాము. ద్విపద విస్తరణలోని గుణకాలను మెట్లు మెట్లుగా పేర్చి చూపే త్రిభుజానికి ఆయన పేరే స్థిరపడిపోయింది. ఆ త్రిభుజం ఆయనకు శతాబ్దాల పూర్వమే పారశీక దేశంలో ఒమర్ ఖయ్యాంకూ, మన దేశంలో పింగళుని ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రచించిన హలాయుధునికీ తెలిసినదే అన్న సంగతి వేరు. 1971 నుండి పీడనానికి అంతర్జాతీయ ప్రమాణం పేరు పాస్కల్. ఒక కంప్యూటర్ భాషకు సైతం ఆ పేరే పెట్టారు. ఇన్ని విధాల ప్రసిద్ధుడైన ఈ ఫ్రెంచి మేధావి తన 39 ఏండ్ల జీవితంలోని చివరి ఏట చేపట్టిన పని మాత్రం మన పాఠ్యగ్రంథాలకు ఎక్కలేదు. నిర్ణీత మార్గంలో, నిర్ణీత వ్యవధికి, నిర్ణీత ఛార్జీకి, ఎవరి సీటుకు వారే డబ్బు చెల్లించి ప్రయాణించే నగర వాహనాన్ని ప్రపంచంలో మొట్టమొదట నడిపించిన వారిలో ఆయన ప్రధానుడు. మా విద్యార్థులలో అనేకులు బస్‌పాసు జేబులో పెట్టుకొని కళాశాలకు వచ్చేవారే కనుక, ఆ మహనీయుని జీవితాన్ని ఈ వైపు నుండి పరిశీలించడం సముచితమని మేము తలచాము.

పాస్కల్ 1623 జూన్ 19వ తేదీన మధ్య ఫ్రాన్సులోని క్లెర్మాంట్ నగరంలో జన్మించాడు. తండ్రి ఎతియెన్ పాస్కల్ పన్నుల న్యాయస్థానంలో ఉన్నతోద్యోగి, గణితంలో అభినివేశం గలవాడు. తల్లి ఆంత్వానెట్ బిడ్డకు మూడేండ్లు వచ్చేసరికే కన్నుమూసింది. అక్క జిల్‌బెర్త్, చెల్లెలు జాక్లిన్, మధ్యవాడు బ్లెయిజ్ – ఈ ముగ్గురినీ తండ్రి మరల పెండ్లాడక తానే పెంచాడు. 1631లో కుటుంబం పారిస్‌కు తరలింది. పిల్లలను పాఠశాలకు పంపకుండా తండ్రి తానే చదువు చెప్పాడు. ముందు భాషలు రావాలి, గణితం రుచి మరగితే భాషల మీద మనసు నిలువదని ఆయన భయం. కనుక గణిత గ్రంథాలన్నీ దాచివేశాడు. దాచిన వస్తువు మీదనే పిల్లల దృష్టి పోవడం లోకసహజం. పన్నెండేండ్ల బాలుడు బొగ్గుముక్కతో నేల మీద గీతలు గీసుకుంటూ, త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలకు సమానమనే సత్యాన్ని ఎవరి సాయమూ లేకుండా చేరుకున్నాడని అక్క వ్రాసి పెట్టింది. ఆ తరువాత తండ్రి యూక్లిడ్ గ్రంథాన్ని చేతికి ఇవ్వక తప్పలేదు. పదహారేండ్ల వయస్సులో శంకుచ్ఛేదాలను గురించి ఆయన వ్రాసిన వ్యాసం 1640లో అచ్చయింది.

ఈలోగా తండ్రికి రాజాగ్రహం తగిలింది. ప్రభుత్వ ఋణపత్రాలపై వడ్డీ కోసివేసినందుకు నిరసన తెలిపినవారిలో ఆయన ఒకడు. ప్రధానమంత్రి రిషెల్యూ కోపానికి వెరచి 1638లో పారిస్ విడిచి పోయాడు. చెల్లెలు జాక్లిన్ రిషెల్యూ ఎదుట ఒక బాలల నాటకంలో నటించి, తండ్రికి క్షమాభిక్ష అర్థించి సాధించుకొన్నది. క్షమతో పాటు ఉద్యోగం కూడా లభించింది: రూఎన్ నగరంలో పన్నుల వసూలు పర్యవేక్షణ. రాత్రులు పొద్దుపోయేదాకా లెక్కలు కూడుతూ, తీసివేస్తూ అలసిపోతున్న తండ్రిని చూచి, 1642 ప్రాంతంలో పాస్కల్ లెక్కలు చేసే యంత్రం నిర్మాణానికి పూనుకున్నాడు. పండ్ల చక్రాలతో, అంకెలు కనిపించే చిన్న గవాక్షాలతో చేసిన ఈ పెట్టె నేటి గణన యంత్రాలకు పూర్వరూపం. సుమారు 50 నమూనాలు చేసి చూచాడు. 1649లో రాజు నుండి దాని తయారీకి ప్రత్యేక హక్కు పొందాడు. అయినా అమ్ముడైనవి ఇరవై ప్రాంతం మాత్రమే. కారణం ధర. లెక్కలతో నిత్యం సతమతమయ్యే గుమాస్తాకు అది అందుబాటులో లేదు. కొనగలిగిన శ్రీమంతునికి లెక్క చేయవలసిన అగత్యం లేదు. అతడు దానిని వింత వస్తువుగా అలమారలో పెట్టుకున్నాడు. ఈ అనుభవాన్ని పాఠకులు గుర్తు ఉంచుకోవాలని మా మనవి.

వాతావరణ పీడనాన్ని గురించిన ప్రయోగం అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాము. గాలికి బరువు ఉన్నట్లయితే కొండ మీద ఆ బరువు తగ్గాలి, పాదరసం మట్టమూ తగ్గాలి. 1648 సెప్టెంబరు 19న పాస్కల్ కోరికపై ఆయన బావ ఫ్లోరాన్ పెరియే క్లెర్మాంట్ సమీపంలోని పుయ్ ద డోమ్ పర్వతం ఎక్కి కొలిచి చూచాడు. పాదరసం సుమారు 3 అంగుళాలు దిగింది. పాస్కల్ స్వయంగా ఎందుకు వెళ్లలేదంటే, ఆయన ఉన్నది పారిస్‌లో. పైగా శరీరం సహకరించేది కాదు. పద్దెనిమిదవ ఏటి నుండి నొప్పి లేని రోజు తాను ఎరుగనని ఆయన చెప్పేవాడట. 1647లో కొంతకాలం నడుము క్రింది భాగం పట్టు తప్పి, కర్రల ఊతంతో తప్ప నడవలేకపోయాడు. నగరంలో ఒక పేట నుండి మరొక పేటకు పోవడమంటే ఏమిటో ఆయన కాళ్లకు బాగా తెలుసు.

1654వ సంవత్సరం ఆయన జీవితంలో రెండు విధాల గణనీయమైనది. ఆ ఏడు తులూజ్ నగరంలోని గణితజ్ఞుడు ఫెర్మాతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, సంభావ్యతా శాస్త్రానికి పునాది వేశాడు. సమస్య జూదానికి సంబంధించినది. ఇద్దరు ఆటగాండ్లు చెరి 32 నాణేలు పందెం ఒడ్డారు. ముందు మూడు ఆటలు గెలిచినవానికి మొత్తం 64 చెందుతుంది. ఒకడు రెండు, రెండవవాడు ఒకటి గెలిచిన దశలో ఆట ఆగిపోయింది. సొమ్ము ఎట్లా పంచాలి? తరువాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే; ఓడితే ఇద్దరూ సమానులు కనుక 32 అతనికి వస్తాయి. కాబట్టి 32 ఎట్లాగూ అతనివే, మిగిలిన 32లో సగం న్యాయంగా అతనికి రావాలి. అంటే 48, 16. జరుగబోయే దానిని ఎవరూ చెప్పలేరు. అయినా జరుగబోయే దాని విలువను ఈనాడే లెక్క కట్టవచ్చు. బీమా సంస్థలు, బ్యాంకులు, రవాణా సంస్థలు నేటికీ నడుస్తున్నది ఈ సూత్రం మీదనే. రేపు ఉదయం ఏడు గంటల బస్సులో ఎవరెవరు ఎక్కుతారో ఏ డిపో మేనేజరూ చెప్పలేడు. సగటున ఎందరు ఎక్కుతారో మాత్రం చెప్పగలడు, చెప్పి తీరాలి.

అదే ఏడు నవంబరు 23 రాత్రి ఆయనకు తీవ్రమైన ఆధ్యాత్మికానుభవం కలిగింది. ఆ అనుభవాన్ని ఒక కాగితం మీద వ్రాసి కోటు లోపల కుట్టుకున్నాడు. మరణానంతరం గాని అది ఇతరుల కంట పడలేదు. అటుపిమ్మట ఆయన పోర్ రోయల్ మఠానికి సన్నిహితుడై, 1656, 1657 సంవత్సరాలలో ఆ మఠంవారి పక్షాన 18 లేఖలు ప్రకటించాడు. ఫ్రెంచి వచన రచన ఆ లేఖలతోనే ప్రౌఢిమ అందుకున్నదని సాహిత్య విమర్శకుల అభిప్రాయం. ఆ మఠంలోనే సన్యసించిన చెల్లెలు జాక్లిన్ 1661 అక్టోబరు 4న మరణించింది. పాస్కల్‌కు అప్పటికి 38 ఏండ్లు. వ్యాధి ముదిరింది, చదువుకోవడం కూడా కష్టమవుతున్నది. సరిగ్గా ఆ తరుణంలో, చెల్లెలు పోయిన మరుసటి నెలలోనే, ఆయన ఒక వ్యాపార ఒప్పందంపై సంతకం చేశాడు. పరలోక చింతలో మునిగినవాడు బండ్ల వ్యాపారంలో దిగడమేమని కొందరు జీవితచరిత్రకారులు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలతో దాటవేస్తారు. మేము అట్లా దాటవేయము.

నాటి పారిస్ నగరంలో నాలుగు లక్షలకు పైగా జనం ఉండేవారు. వీధులు ఇరుకు, బురద. ధనికులకు సొంత బండ్లు ఉండేవి. 1640 ప్రాంతం నుండి బాడుగ బండ్లు కూడా వచ్చాయి. అయితే బాడుగ బండిని గంటకో పూటకో మొత్తంగా మాట్లాడుకోవాలి. ఒక్కడు ఎక్కినా నలుగురు ఎక్కినా ఖర్చు అదే. న్యాయవాది, వర్తకుడు, చిన్న ఉద్యోగి నడచి పోవలసినదే. నగరం మధ్యలో నది. ఈ ఒడ్డున ఇల్లు, ఆ ఒడ్డున కచ్చేరీ ఉన్నవాడి దినంలో ఎంత భాగం బురదలో గడిచేదో ఊహించుకోవచ్చు.

పాస్కల్ ఆలోచన వినడానికి అతి సాధారణమైనది. బండి మొత్తాన్ని ఒకరికి అద్దెకివ్వకుండా, బండిలోని చోటును మాత్రమే అమ్మాలి. బండి ఒక పేట నుండి మరొక పేటకు ఎప్పుడూ ఒకే దారిన పోవాలి. జనం నిండినా నిండకపోయినా, ఒక్కరు లేకపోయినా, సమయానికి కదలాలి. ఎక్కినవాడు తన చోటుకు మాత్రమే డబ్బు ఇవ్వాలి. ఈ నాలుగు షరతులలో మూడవది అన్నిటికన్న సాహసమైనదని మా అభిప్రాయం. ఖాళీ బండిని పరుగెత్తించే వ్యాపారిని అంతకుముందు ఎవరూ చూడలేదు. మన ఊళ్లలో జట్కావాడు, ఆటోవాడు ఏమి చేస్తాడు? నలుగురు నిండేదాకా కదలడు. అందులో అతనికి నష్టం లేదు, కాని ప్రయాణీకుడికి అతనిపై భరోసా లేదు. ఖాళీగానైనా సమయానికి వచ్చే బండి మీదనే జనానికి నమ్మకం కుదురుతుంది; నమ్మకం కుదిరిన తరువాతనే బండి నిండుతుంది. ఈనాటి ఖాళీ బండి నష్టం రేపటి నిండు బండికి పెట్టుబడి. పందెం మధ్యలో ఆగినపుడు రాబోయే ఆటల విలువ కట్టినవానికి ఈ లెక్క కొత్తది కాదు.

పెట్టుబడికి మిత్రులు ముందుకు వచ్చారు. వారిలో పాస్కల్‌కు ప్రాణమిత్రుడైన రొవానే ప్రభువు ముఖ్యుడు. ఆయన పొయతూ రాష్ట్రానికి గవర్నరు. రాజాస్థానంలో పలుకుబడి గల సూర్ష్, క్రెనాన్ అనే ఇద్దరు మార్క్విస్‌లు తోడయ్యారు. అనంతరకాలంలో ఫ్రాన్సు విదేశాంగ మంత్రి అయిన పొంపోన్ కూడా వాటాదారుడే. 1661 నవంబరులో ఒప్పందం కుదిరింది. 1662 జనవరిలో పదునాలుగవ లూయీ చక్రవర్తి ప్రత్యేక హక్కు ప్రసాదించాడు. అంటే ఈ తరహా బండ్లను ఇతరులు నడపరాదు. గుత్త హక్కు లేనిదే ఇంతటి ముందు ఖర్చుకు ఎవరూ సాహసించరు. గుత్త హక్కు ఉన్నచోట అడిగేవాడు ఉండడు. నగర రవాణాను పీడించే ఈ ధర్మసందేహం ఆనాడే పుట్టింది.

ఛార్జీ 5 సూలు. నాటి లెక్కలో 20 సూలు ఒక లీవ్రు. బండిలో ఎనిమిది మందికి చోటు. నిండుగా పోయిన ట్రిప్పుకు 40 సూలు, అంటే 2 లీవ్రులు వస్తాయి. ముగ్గురే ఎక్కితే 15 సూలు. గుర్రాల మేత, తోలేవాని జీతం, చక్రాల మరమ్మతు మాత్రం ఎనిమిది మందికైనా ముగ్గురికైనా ఒక్కటే. ఎనిమిదవవాడు ఎక్కినందువల్ల అదనంగా పెరిగే ఖర్చు దాదాపు శూన్యం. అతడు ఇచ్చే 5 సూలు దాదాపు పూర్తిగా మిగులు. ఎక్కకపోతే ఆ 5 సూలు ఎన్నటికీ తిరిగి రావు. ఖాళీ సీటును గిడ్డంగిలో దాచి రేపు అమ్ముకోలేము. అర్థశాస్త్ర విద్యార్థులు స్థిర వ్యయం, ఉపాంత వ్యయం అని చదువుకునేది ఇదే. ఆర్టీసీవారు ఆక్యుపెన్సీ అని నెలనెలా కొలిచేదీ ఇదే.

రాజు ఇచ్చిన హక్కుపత్రాన్ని పారిస్ పార్లమెంటు నమోదు చేస్తే గాని అది చెల్లదు. ఈ పార్లమెంటు మన పార్లమెంటు వంటి శాసనసభ కాదు, ఉన్నత న్యాయస్థానం. అది 1662 ఫిబ్రవరి 7న హక్కుపత్రాన్ని నమోదు చేస్తూ ఒక షరతు చేర్చింది. సైనికులు, ప్రభువుల ఇళ్లలోని పరిచారక బాలురు, బిళ్లలూ ఉడుపులూ ధరించిన నౌకర్లు, కూలీలు, కాయకష్టం చేసి బ్రతికేవారు ఈ బండ్లు ఎక్కరాదు. పౌర గృహస్థుల సౌకర్యం, స్వేచ్ఛ దీనికి కారణంగా చూపారు. న్యాయమూర్తుల పక్షాన ఒక మాట చెప్పాలంటే, ప్రభువుల నౌకర్లు వీధులలో కత్తులు దూసి కలహించడం నాటి పారిస్‌లో నిత్యకృత్యం. అయితే రాళ్లు మోసే కూలీ ఎవరితో కలహించాడని అతనిని దించివేశారు? 5 సూలు అప్పటికే అతని దినకూలిలో చిన్న భాగం కాదు. చాలామందిని ఆ ధరే దూరంగా ఉంచేది. ఆ ధర చెల్లించడానికి సిద్ధపడినవానికి కూడా న్యాయస్థానం తలుపు మూసింది. అందరి బండి అన్న ఆలోచన బండి కదలకముందే సగం కుంటుపడింది.

1662 మార్చి 18, శనివారం, ఉదయం ఏడు గంటలకు తొలి మార్గం ప్రారంభమైంది. తూర్పున సెంట్ ఆంత్వాన్ ద్వారం నుండి నది దాటి దక్షిణాన లక్సెంబర్గ్ భవనం వరకు. మొత్తం ఏడు బండ్లు. మూడు ఈ చివర, నాలుగు ఆ చివర నిలిపారు. న్యాయస్థానపు కమిషనర్లు తమ అధికార దుస్తులతో వచ్చి, బండ్ల ఉపయోగాన్ని ప్రజలకు వివరించి, అడ్డు తగిలినవారికి శిక్ష తప్పదని హెచ్చరించారు. తోలేవారికి నీలిరంగు అంగీలు, వాటిపై రాజచిహ్నమూ నగరచిహ్నమూ కుట్టినవి ఇచ్చారు. ఆ దృశ్యాన్ని అక్క జిల్‌బెర్త్ మూడు రోజుల తరువాత పొంపోన్‌కు వ్రాసిన లేఖలో సవిస్తరంగా వర్ణించింది. దారి పొడవునా జనం ఉత్సవ ఊరేగింపు చూడవచ్చినట్లు నిలబడ్డారు. పనివారు పనిముట్లు వదిలి చూస్తూ ఉండిపోయారు. ఎటు చూచినా నవ్వుముఖాలే. మొదటి పూటనే బండ్లు నిండిపోయాయి. స్త్రీలు కూడా ఎక్కారు. దారిలో ఎక్కదలచినవారికి చోటు దొరకలేదు. ఒకదాని వెంట ఒకటిగా బండ్లు నిండుగా సాగిపోతుంటే నిలబడి చూడవలసి వచ్చింది. ప్రజలు చేసిన ఫిర్యాదు బండ్లు చాలడం లేదన్నదే. నగర రవాణా చరిత్రలోని మొట్టమొదటి ఫిర్యాదు నేటికీ మార్పు లేకుండా సాగుతున్నదని గమనిస్తే మాకు నవ్వు వచ్చింది.

ప్రతి ఏడున్నర నిమిషాలకు ఒక బండి కదలాలని నియమం. దీనిని కొంచెం లెక్క వేసి చూద్దాము. ఏడు బండ్లను ఏడున్నరతో హెచ్చిస్తే 52 నిమిషాల 30 సెకన్లు. ఒక్కొక్క బండి ఆ చివరకు పోయి, తిరిగి వచ్చి, మరల బయలుదేరడానికి పట్టే కాలం అంతకు మించరాదు. మించితే వ్యవధి చెదరుతుంది, లేదా మరొక బండి కొనాలి. వీధిలో ఒక పశువు అడ్డు నిలిచినా, ఒక ప్రయాణీకుడు బంగారు నాణెం ఇచ్చి చిల్లర అడిగినా ఈ లెక్క తప్పుతుంది. అందుకే నిర్వాహకులు బంగారు నాణేలు తీసుకోబోమని, సరిపడా చిల్లర తెచ్చుకోవలసిందని ప్రకటించారు. చిల్లర విషయమై కండక్టరుతో వాగ్వాదం పడని ప్రయాణీకుడు మన రాష్ట్రాలలో ఉండడు. ఆ వాగ్వాదం వయస్సు 360 ఏండ్ల పైమాట.

రెండవ మార్గం ఏప్రిల్ 11న, మూడవది మే 22న మొదలయ్యాయి. నాలుగవది జూన్ 24న. ఇది నగరాన్ని చుట్టివచ్చే వలయ మార్గం. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నేరుగా పోయే మార్గంలో అందరికీ ఒకే ఛార్జీ అంటే సమంజసమే. చుట్టు మార్గంలో నాలుగు వీధులు పోయేవాడు, ఊరంతా తిరిగేవాడు ఒకే ధర ఇవ్వడం న్యాయమా? వలయాన్ని ఆరు భాగాలు చేసి, నిర్ణీత భాగాలు దాటినవారు మరల 5 సూలు చెల్లించాలని నిర్ణయించారు. బస్సులలో స్టేజి అనే పద్ధతికి ఇది మూలపురుషుడు. అయిదవ మార్గం జూలై 5న ప్రారంభమైంది. నాలుగు మాసాలు నిండకముందే అయిదు మార్గాలు! ఈ బండ్ల మీద ఆ ఏడే ఒక హాస్యనాటకం వ్రాసి మారే నాటకశాలలో ప్రదర్శించారంటే వాటికి ఎంత ప్రచారం లభించిందో తెలుస్తుంది.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన తేవడం అసందర్భం కాదనుకుంటాము. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో సేవలు ఆరంభించింది. అప్పుడు కూడా పరిష్కరించుకోవలసిన ప్రశ్నలు ఇవే: ఏ దారి, ఎంత వ్యవధి, ఎంత ధర. ఎవరు ఎక్కవచ్చు అన్న నాలుగవ ప్రశ్న మాత్రం కాలంతో రూపం మార్చుకున్నది. 2023 డిసెంబరు 9న తెలంగాణ రాష్ట్రంలో మహిళలకు బస్సులలో ఉచిత ప్రయాణం ప్రారంభమైనపుడు, బస్సులు కిక్కిరిసిపోతున్నాయని కొందరు, ఇంతకాలం ఇంట్లో ఉండిపోయినవారు బయటికి వస్తున్నారని కొందరు వాదించారు. ఖర్చు ఎవరు భరించాలన్నది మూడవ వాదం. పారిస్ న్యాయస్థానం ధర చెల్లించగలవారిని కూడా దించివేసిన చోట, ఇక్కడ ధర చెల్లించలేనివారిని సైతం ఎక్కించుకున్నారు. రెండు చోట్లా లెక్క తేల్చవలసినది ఒకే ఖాళీ సీటు గురించి.

పాస్కల్ తన వాటా ఆదాయాన్ని దేనికి ఉద్దేశించాడో చూడాలి. 1662 ప్రారంభంలో బ్లువా ప్రాంతంలో భయంకరమైన కరువు వచ్చింది. బండ్ల వ్యవహారం కుదిరిన వెంటనే, ఆయన తన వాటా కింద వెయ్యి ఫ్రాంకులు ముందుగా ఇప్పించమని అడిగి, ఆ సొమ్ము బ్లువా పేదలకు పంపాలని సంకల్పించాడు. వ్యాపారం నిలదొక్కుకుంటుందో లేదో ఇంకా తేలలేదు, మరో ఏడాది ఆగి చూడమని అక్క వారించింది. ఆకలి ఏడాది ఆగదన్నది ఆయన జవాబు. నష్టం వస్తే తన సొంత ఆస్తి నుండి తీర్చగలనన్నాడు. ఆ ముందస్తు సొమ్ము మాత్రం రాలేదు. జాగ్రత్తగల గృహిణి మాట, ఆతురతగల దాత మాట రెండూ సమంజసమైనవే. లాభాన్ని చేతికి రాకముందే దానం చేయదలచిన వ్యాపార భాగస్వామి ప్రక్కనుంటే మిగిలినవారికి ఎంత ఇబ్బందో కూడా ఊహించగలము.

ఆ వేసవిలో ఆయన తన ఇంట ఒక నిరుపేద కుటుంబానికి ఆశ్రయం ఇచ్చి ఉన్నాడు. వారి బిడ్డకు మశూచి సోకింది. అక్కకు పిల్లలున్నారు, ఆమె తమ్ముని చూడవస్తే వారికి అంటుకునే ప్రమాదం. రోగిని మరొక చోటికి పంపివేయడం లోకరీతి. ఆయన బిడ్డను కదల్చలేదు. జూన్ 29న తానే ఇల్లు విడిచి అక్క ఇంటికి వెళ్లాడు. వలయ మార్గం మొదలై అప్పటికి అయిదు రోజులు, అయిదవ మార్గానికి ఇంకా ఆరు రోజులు. ఇక ఆయన సొంత ఇంటికి తిరిగి రాలేదు. వ్యాధి తీవ్రమైనకొద్దీ ఆయనకు ఒక కోరిక బలపడింది. తనకు ఇన్ని ఉపచారాలు జరుగుతుండగా అవి లేక చచ్చిపోతున్న బీదలు ఎందరో ఉన్నారు కదా, ఒక పేద రోగిని ఈ ఇంటికే తెచ్చి తనతో సమానంగా సేవ చేయమని అడిగాడు. అది కుదరలేదు. అయితే తననే నయంకాని రోగుల ఆసుపత్రికి చేర్చమన్నాడు. కదిలించరాదని వైద్యులు అంగీకరించలేదు. 1662 ఆగస్టు 19న, బండి మొదలైన అయిదు మాసాలకు, ఆయన మరణించాడు. బండ్లలోని తన వాటాలో కొంత భాగాన్ని పారిస్, క్లెర్మాంట్ నగరాల ఆసుపత్రులకు వీలునామాలో వ్రాశాడు. భౌతికకాయాన్ని పారిస్‌లోని సెంట్ ఎతియెన్ ద్యు మోన్ దేవాలయంలో ఖననం చేశారు.

బండి లాభం పేదలకు అందాలని దాని యజమానులలో ఒకడు కోరుకుంటే, పేదలు బండి ఎక్కరాదని చట్టం శాసించింది. ఈ రెండూ ఒకే ఏడు, ఒకే నగరంలో జరిగాయి. పాస్కల్ పోయిన తరువాత ఛార్జీని 6 సూలకు పెంచారు. కొత్త మోజు తీరింది. ఎక్కనివ్వనందుకు వీధి జనం ఆగ్రహించి బండ్లను ఎగతాళి చేశారు, రాళ్లు విసిరారు. వారిని అదుపు చేయడానికి ప్రత్యేక ఉత్తర్వులు వెలువడ్డాయి. సుమారు 1677 నాటికి బండ్లు పూర్తిగా ఆగిపోయాయి. చరిత్రకారులు కొందరు ధర పెంపును, కొందరు నిషేధాన్ని కారణంగా చెబుతారు. ఈ రెండింటినీ విడదీయలేమని మేము భావిస్తాము. రోజూ దూరం నడిచే జనాన్ని తొలగిస్తే మిగిలేది అప్పుడప్పుడు ఎక్కే జనం. వారు ఎక్కని రోజున బండి ఖాళీ. ఖాళీ బండి ఖర్చును ఎక్కినవారి మీద వేస్తే ధర పెరుగుతుంది. ధర పెరిగితే ఎక్కేవారు మరింత తగ్గుతారు. సంఖ్యల మధ్య సంబంధాలను అంతగా ఎరిగిన మనిషి మరికొన్ని ఏండ్లు జీవించి ఉంటే ఈ విషవలయాన్ని పసిగట్టి ఉండేవాడని ఊహించడం తప్పు కాదేమో.

ఆ తరువాత సుమారు ఒకటిన్నర శతాబ్దం పాటు పారిస్ మరల నడచింది. 1826లో నాంత్ నగరంలో స్తానిస్లాస్ బోద్రీ అనే వ్యక్తి ఊరి వెలుపల నెలకొల్పిన తన వేడినీటి స్నానశాలకు జనాన్ని చేర్చడం కోసం ఒక బండి పెట్టాడు. స్నానానికి వచ్చేవారికన్న దారి మధ్యలో దిగిపోయేవారే ఎక్కువయ్యారు. స్నానశాలకన్న బండి మేలని ఆయన గ్రహించాడు. దానికి స్థిరపడిన ఆమ్నిబస్ అనే పేరుకు లాటిన్ భాషలో అందరి కొరకు అని అర్థం. మనం నిత్యం పలికే బస్సు ఆ పదం తోక. 1828లో బోద్రీ తన బండ్లను పారిస్‌కు తెచ్చాడు. ఈసారి ఎవరు ఎక్కరాదన్న పట్టిక లేదు. కూలీ, గుమాస్తా, సైనికుడు ప్రక్కప్రక్కన కూర్చున్నారు. ఛార్జీ 25 సాంతీములు. విప్లవానంతరం దశాంశ నాణేలు వచ్చినా పారిస్ సామాన్యులు పాత పేర్లు మానలేదు; వారి లెక్కలో 5 సాంతీములు ఒక సూ. కనుక బండి ఎక్కుతూ వారు తోలేవాని చేతిలో పెట్టినది అయిదు సూలే.